రోకలి కింద చెయ్యి

మా రాణమ్మకి కోపం వస్తే తిట్టేది నేనే. ఆవిడ నా చెవిలో రెండు ముక్కలు గొణుగుతుంది. నేను కర్ర పట్టుకుని లేచి, ఆ రెండు ముక్కల్నీ నలుగురూ వినదగ్గ మాటలుగా మార్చి సభలో చెబుతాను. ఎవరైనా రాణమ్మకి ఏదన్నా విన్నవించుకోవాలన్నా నాకే చెప్పాలి, ఆవిడ మూరెడు దూరంలో కూర్చుని అంతా వింటున్నా సరే. రాజుగారికి ఆవిడ పెద్దమ్మ. ఆయన్ని ఆ రాజపీట మీద కూర్చోబెట్టిందీ ఆవిడే, దారి తప్పితే చెవి మెలిపెట్టేదీ ఆవిడే. అందుకని మా ఊరు ఒడుమ్‌క్రొమ్‌లో తప్పు చేసిన ప్రతివాడూ ముందు నా గుమ్మం తొక్కుతాడు. పగలంతా ఊరి తరఫున తియ్యగా మాట్లాడి ఇంటికొస్తే, కట్టుకున్నవాడితో తియ్యగా మాట్లాడే ఓపిక మిగలదు. ఆయన అలవాటు పడిపోయాడు.

మా దగ్గర తప్పు చేసినవాళ్ళు తమ కోసం తాము క్షమాపణ అడుక్కోకూడదు. ఇంకొకళ్ళ దగ్గరికి పరిగెత్తి, వాళ్ళ భుజాన వాలిపోవాలి. ఆ భుజం గలవాళ్ళు వెళ్ళి అడగాలి. ఒంటరిగా వచ్చి కాళ్ళ మీద పడితే రాణమ్మ మొహం తిప్పేసుకుంటుంది. నీ కోసం అడిగే మనిషి ఒక్కరు కూడా ఊళ్ళో లేరంటే, నువ్వు క్షమించదగ్గ మనిషివేనా అని ఆవిడ అనుమానం. ఈ పద్ధతి వల్ల నా గుమ్మం అరిగిపోయింది కానీ, పద్ధతి మాత్రం మంచిదే అంటాను.

ఇక పొకువా సంగతి. బస్టాండు వెనక పొకువా హోటలుంది. రేకుల కప్పు, నాలుగు బల్లలు, పొగ. అయినా కుమాసీ వెళ్ళే లారీలన్నీ అక్కడ ఆగాల్సిందే, ఆవిడ ఫుఫు అలాంటిది. ఉడికిన కర్రపెండలం, పచ్చి అరటి రోట్లో వేసి జిగురు సాగేదాకా దంచాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు నిలబడి నిలువెత్తు రోకలి వెయ్యాలి, ఒకరు కింద కూర్చుని చెయ్యి తడుపుకుంటూ ముద్దను తిప్పాలి. రోకలి లేచినప్పుడు చెయ్యి లోపలికి, దిగేటప్పుడు చెయ్యి బయటికి. తిప్పేది పొకువా, దంచేది ఆమె తమ్ముడు బాఫి. తల్లి ఉన్న రోజుల నుంచీ అంతే. పొకువా రోలు వైపు చూసేదే కాదు. చెయ్యి రోట్లో తిరుగుతూనే ఉండేది, మొహం మాత్రం బేరగాళ్ళ వైపు. ఒకడికి పులుసు పొయ్యమని అరుస్తూ, ఇంకొకడి పాత బాకీ గుర్తు చేస్తూ. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు ఆ చెయ్యి చూసి తినడం మర్చిపోయేవాళ్ళు.

ఆ మంగళవారం బాఫి ఆలస్యంగా వచ్చాడు. కిందటి శుక్రవారమే అతని భార్య అచియాకి ఆడపిల్ల పుట్టింది. పొకువా నోరు సంగతి తెలిసిందేగా. "బిడ్డ పుడితే మగవాడు కూడా మంచం పడతాడని మా ఇంట్లోనే చూస్తున్నా," అంది అందరూ వినేలా. బల్లల దగ్గర గొల్లుమన్నారు. బాఫి నవ్వలేదు. చొక్కా విప్పి రోకలి అందుకున్నాడు.

మధ్యాహ్నం రద్దీలో, రోకలి పడాల్సిన దానికన్నా ముందు పడింది.

రెండు వేళ్ళు నలిగాయి. నడిమి వేలి గోరు అక్కడికక్కడే నల్లబడింది. పొకువా అరవలేదట, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తమ్ముడి మొహంలోకి చూసిందట. పొద్దున నవ్వులపాలు చేసినందుకు కసి తీర్చుకున్నావా అని అడిగింది. అప్పుడైనా ఆ వెధవ అయ్యో అక్కా అంటే సరిపోయేది. కాదు, "నువ్వే చెయ్యి ఆలస్యంగా తీశావు," అన్నాడు.

ఇన్నేళ్ళుగా చూడకుండా తిప్పే మనిషితో అనే మాటా అది? పొకువా లేచి నిలబడి, ఊరి ఒట్టు పెట్టింది. నువ్వు కావాలనే కొట్టావని, ఇంక ఈ జన్మలో నీ రోకలి కింద నా చెయ్యి పెట్టనని, ఆ ఒట్టు మీద చెప్పింది.

ఆ ఒట్టు మాటలేమిటో నేను మీకు చెప్పను. మా పెద్దలు ఒక ఏటి దగ్గర మూకుమ్మడిగా పోయిన రోజు పేరు అది, అంతవరకే. పైకి అన్నానంటే రేపు నేను కూడా గొర్రెను తోలుకుంటూ రాజలోగిలికి నడవాలి. మా పిల్లలకి మాటలు వచ్చీ రాగానే నేర్పేది, ఆ రోజు పేరు నోట రానివ్వకూడదనే. కోపంలో భార్యాభర్తలు ఏమేమో అనుకుంటారు, అన్నదమ్ములు కత్తులు తీస్తారు, ఆ మాట మాత్రం ఎవరూ అనరు. పొకువా అంది. రాజుగారి గొడుగు పట్టే మనిషి అక్కడే మూల బల్ల దగ్గర భోంచేస్తున్నాడు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, లోగిలి వైపు నడిచాడు. ఆ మాట విన్నవాడు చెప్పి తీరాలి. చెప్పకపోతే వాడిదీ తప్పే.

గురువారం సభ పిలిచారు. గురువారం మాకు నేలతల్లి సెలవు, ఎవరూ పొలానికి వెళ్ళరు కాబట్టి సభలు ఆ రోజే.

చిక్కు ఎక్కడ వచ్చిందో చెబుతాను. ఒట్టు ఎవరి మీద పెట్టారో వాడిని సభలో ముందు అడుగుతారు. వాడు ఊరుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే. అక్క చెయ్యి కావాలని నలగ్గొట్టినవాడిగా బతకాలి. కాదు అని అదే ఒట్టు తిరిగి పెట్టాడా, అక్కాతమ్ముళ్ళలో ఒకరు పెద్దల పేరున అబద్ధమాడినట్టే. ఇక సాక్షులు, విచారణ, నెలలు గడుస్తాయి. ఒట్టు తేలేదాకా ఆ ఇంట్లో పోయిన పెద్దలకి ధార పొయ్యకూడదు. ధార లేనిదే పెళ్ళి లేదు, చావు కార్యం లేదు, పిల్లలకి పేరు లేదు.

శుక్రవారం తెల్లవారగానే అచియా బిడ్డకి పేరు పెట్టాలి. పేరు పెట్టేదాకా బిడ్డ మా ఇంటికి చుట్టం మాత్రమే. నచ్చితే ఉంటుంది, నచ్చకపోతే వెళ్ళిపోతుంది. ఎనిమిదో రోజు పేరు పెట్టి బయటికి తెస్తేనే మన మనిషి. అచియాకి రెండేళ్ళ కిందట పుట్టిన బిడ్డ ఆ రోజు దాకా ఆగలేదు. పేరు లేకుండానే వెళ్ళిపోయింది. ఆ పిల్ల కోసం గట్టిగా ఏడవడానికి కూడా లేదు, పేరు లేనివాళ్ళకి ఏడుపు ఉండదు మా దగ్గర.

దీనికి ఒకటే దారి. బాఫి నోరు విప్పకముందే పొకువా ఎవరి భుజానో వాలి, రాణమ్మ పీట పట్టుకోవాలి. పీట పట్టుకున్నాక ఇంక జవాబులు, ఎదురు ఒట్లు అన్నీ ఆగిపోతాయి. తన గుమ్మం దాటి నా గుమ్మంలోకి వస్తుందని బుధవారం పొద్దున్నే మా ఆయన్ని కూడా బయటికి తరిమి కూర్చున్నాను. రాలేదు.

ఎండెక్కాక నేనే వెళ్ళాను. మొదటిసారి ఆ హోటలు మూసి ఉండటం చూశాను. రోలు బోర్లించి ఉంది. పొకువా చేతికి పసరు కట్టు కట్టుకుని, ఆ రోలు మీదే కూర్చుంది. నా కన్నా చిన్నదే, అయినా నన్ను చూసి లేచి నిలబడలేదు.

ఊరంతా ఏమంటోందో చెప్పాను. బుద్ధి గడ్డి తిన్నా మనిషి తిరిగొస్తే చాలన్నాను. తమ్ముడు అంత పని కావాలని చేస్తాడా అని అడిగాను. అన్నిటికీ ఒకటే జవాబు, వాడు ముందు ఒప్పుకోవాలి.

"నా చెయ్యి ఆలస్యంగా తీశానన్నాడు అత్తా. చేతికి తగిలిన దెబ్బ పోనీ అనుకుంటా. ఆ మాట ఎలా పోనిమ్మంటావు?"

"పోనిమ్మనడం లేదే. బిడ్డకి పేరు పెట్టాక ఇద్దరూ చావనైనా చావండి అంటున్నా."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. ఆ కళ్ళలో నీళ్ళు నొప్పివో, పొగరువో నాకు తెలియలేదు. తిట్టుకుంటూ బాఫి ఇంటికి వెళ్ళాను.

బాఫి గుమ్మం బయట కూర్చుని కత్తికి పదును పెడుతున్నాడు, పని లేక. సభలో ఏం చేస్తావని అడిగితే, ఒట్టు తిరిగి పెడతానన్నాడు. దారిలో పిల్లలు కూడా చేతులు వెనక్కి దాచుకుంటున్నారట అతన్ని చూసి. కావాలని కొట్టలేదని పెద్దల ముందు చెప్పకపోతే తను మనిషే కాడన్నాడు. మరి అక్క గతి ఏమిటని అంటే కత్తి పక్కన పెట్టి కళ్ళు ఎత్తి చూశాడు. కళ్ళు అనకూడదు, అవి రెండు ఎర్రటి మిరపకాయలు.

లోపలికి వెళ్ళి అచియాని పలకరించాను. ఒళ్ళు కాలిపోతోంది, చనుబాలు రావడం లేదు. బిడ్డ పగలు నిద్రపోతుందట, పొద్దు గూకగానే మొదలెడుతుందట. కోడి కూసేదాకా బాఫి భుజాన వేసుకుని తిప్పుతూనే ఉంటాడని, పుట్టినప్పటి నుంచీ ఆయన పడుకోగా చూడలేదని చెప్పింది. నాకు అంతా అర్థమైంది. కానీ నా పనిలో ఒక నియమం ఉంది. ఎవరు ఏ మాట ఇస్తే ఆ మాటే మొయ్యాలి, ఇవ్వని మాట మొయ్యకూడదు. బాఫి నాకు ఆ మాట ఇవ్వలేదు. రోకలి పట్టి నిద్రపోయానని ఒప్పుకునే మగవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. దానికన్నా కసితో కొట్టాననడమే పరువు అనుకునే రకం.

మాట మొయ్యకూడదు సరే. మనిషిని మోసుకురాకూడదని ఎవరూ అనలేదు కదా. మళ్ళీ హోటలుకి నడిచాను.

పొకువాతో, నేను ఒట్టు సంగతి ఎత్తడానికి రాలేదన్నాను. అచియా జ్వరంతో ఉంది, బిడ్డకి స్నానం చేయించాలి, నాకు నడుం వంగదు అన్నాను. నడుం సంగతి సగం అబద్ధం. బిడ్డ మొహం అచ్చం మీ అమ్మదే, ఆ పై పెదవితో సహా అని కూడా అన్నాను. అది పూర్తిగా నిజం.

"నేను ఆ గుమ్మం తొక్కను," అంది.

"నీ ఒట్టు రోటికీ చేతికీ కదా. మేనత్తకీ మేనకోడలికీ కూడా పెట్టావా? అంత గట్టిగా నేను వినలేదే."

ఆమె లోపలికి వెళ్ళి, తలుపు వెనక నుంచి కొత్త పీచు, సబ్బు ఉన్న మూట తీసుకొచ్చింది. మేనత్త తేవాల్సిన సరంజామా అంతా ఎప్పుడో కొని పెట్టుకుంది, ముసుగుదొంగ.

మేము వెళ్ళేసరికి బాఫి గుమ్మంలో లేడు. లోపలి గదిలో ఉన్నాడు. తలుపు చెక్కకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు, భుజం మీద బిడ్డ. పొకువా గుమ్మంలోనే ఆగిపోయింది. నేను ఆమె భుజం మీంచి చూశాను.

అతను నిద్రపోతున్నాడు. నిలబడి, కళ్ళు సగం తెరిచి, నోరు కొంచెం వేలాడేసి. బిడ్డని పట్టుకున్న చెయ్యి గట్టిగానే ఉంది. రెండో చెయ్యి మాత్రం బిడ్డ వీపు మీద ఆడుతూనే ఉంది, తట్టి, ఆగి, తట్టి, ఆగి. దంచేటప్పటి లెక్క అది. చూస్తుండగానే ఆ చెయ్యి ఒకసారి లెక్క తప్పి, ముందుగా పడింది. మెత్తగానే పడింది. బిడ్డ కదల్లేదు. పొకువా మాత్రం కట్టు ఉన్న చేతిని గుండెకి హత్తుకుంది.

మంచం మీంచి అచియా చూస్తోంది. పొకువా వెళ్ళి, మంచి చేత్తో బిడ్డని అతని భుజం మీంచి ఎత్తుకుంది. అతనికి మెలకువ రాలేదు, అలాగే తలుపు వెంట జారి, నేల మీద కూలబడి, గురక మొదలుపెట్టాడు. నేను అతని తల కింద మూటబట్ట పెట్టాను. ఆ పూట బిడ్డకి స్నానం పొకువానే చేయించింది, ఒంటి చేత్తో. నీళ్ళు పోస్తూ ఏడ్చింది. బిడ్డ మాత్రం ఏడవలేదు.

బయటికొచ్చాక, దారి మధ్యలో ఆగి, చెప్పులు విడిచింది.

"అత్తా, నీ భుజాన వాలుతున్నాను. నన్ను మోసుకెళ్ళు."

ఆ మాట కోసం నేను పొద్దుటి నుంచీ తిరుగుతున్నాను. సరే, రేపు సభలో ఏం చెప్పమంటావని అడిగాను. తప్పంతా తనదేనని చెప్పమంది. నొప్పి నోట్లోకి వచ్చిందని, నోరు పెద్దల రోజు మీద పడిందని చెప్పమంది.

"వాడి నిద్ర సంగతి ఎత్తకు. దంచేవాడికి అది తలవంపులు. రేపటి నుంచి ఎవరూ పని ఇవ్వరు."

"మరి చెయ్యి ఆలస్యంగా తీశావని వాడన్న మాటో?"

పళ్ళు నూరుకుంటూనే, "తీశాననే చెప్పు," అంది. నేను ఈ ఉద్యోగంలో ఎన్నో క్షమాపణలు మోశాను. అంత బరువైన మాట ఎప్పుడూ మొయ్యలేదు.

గురువారం సభ కిక్కిరిసింది. గొడుగు కింద రాజుగారు, పక్కన తెల్లబట్టలో రాణమ్మ, ఎదురుగా బాఫి, మర్యాద కోసం భుజం మీంచి గుడ్డ దించుకుని. అందరూ ఉన్నారు, పొకువా లేదు. తెల్లవారకుండా గొర్రె కొనడానికి వెళ్ళిన మనిషి ఇంకా రాలేదు. గొర్రె లేకుండా పీట పట్టుకోకూడదు. గొడుగు మనిషి తను విన్నది చెప్పాడు. రాజుగారి తరఫున మాట్లాడే ముసలాయన బాఫి వైపు తిరగబోయాడు.

నేను లేచాను. అందరినీ పలకరించకుండా సభ నడుస్తోందేమిటన్నాను. పలకరింపులు మొదలుపెట్టాను. రాజుగారికి, ఆయన పీటకి, గొడుగుకి, కుడి వరస పెద్దలకి పేరు పేరునా, ఎడమ వరసకి వాళ్ళ తాతల పేర్లతో సహా. ఊళ్ళో ఎప్పుడు వాన పడిందో, రోడ్డు పని ఎంతవరకు వచ్చిందో కూడా విన్నవించాను. రాజుగారు చేతి గడియారం చూసుకున్నారు. రాణమ్మ కళ్ళు మూసుకుంది, ఆవిడ నవ్వు ఆపుకునే పద్ధతి అది. ముప్పావు వంతు ఊరిని పలకరించాక నా గొంతు ఆరిపోయింది. ముసలాయన ఇదే అదనని బాఫిని అడిగేశాడు.

బాఫి లేచాడు. కుడి చెయ్యి ఎత్తాడు. ఒట్టు పెట్టడానికి ఎత్తే చెయ్యి అది. "నేను," అన్నాడు.

వెనక నుంచి గొర్రె అరిచింది.

ఆ గొర్రె లాంటి గొర్రెను నేను చూడలేదు. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి, అంగుళం కదలనంటోంది. పొకువా దాన్ని మంచి చేత్తో తాడు పట్టి ఈడుస్తోంది. గుడ్డంతా బురద. లోగిలి గడప దాకా లాక్కొచ్చి తాడు వదిలేసి, ఒట్టి కాళ్ళతో జనం మధ్యలోంచి పరిగెత్తి, రాణమ్మ పీట కాలు రెండు చేతులా పట్టుకుంది. కట్టు ఉన్న చెయ్యి కూడా. గొర్రె తీరిగ్గా లోపలికొచ్చి రాజుగారి పూలకుండీ మొదలుపెట్టింది.

బాఫి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఇంక మాట్లాడాల్సింది నేను. కర్ర పట్టుకుని, ఆమె ఇచ్చిన మాటలే మోశాను, ఒక్కటి కూడా కలపలేదు. నొప్పి నోట్లోకి వచ్చిందన్నాను. నోరు పడకూడని రోజు మీద పడిందన్నాను. తమ్ముడు కసితో కొట్టలేదని, చెయ్యి తనే ఆలస్యంగా తీశానని చెప్పమందన్నాను. ఆ చివరి మాటకి లారీ డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చెయ్యి సంగతి వాళ్ళకి తెలుసు.

బాఫి ఎత్తిన చెయ్యి దించేశాడు.

"అబద్ధం," అన్నాడు. ఎవరి నోటా కాదు, నేరుగా, సభా మర్యాద అంతా గాలికొదిలేసి. "అక్క చెయ్యి ఎప్పుడూ ఆలస్యం కాలేదు. నేనే నిద్రపోయాను. రోకలి ఎత్తి, పైనే నిద్రపోయాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారని అతను భయపడ్డాడు, మొహంలో తెలుస్తోంది. ముందు వరసలో ముగ్గురు పిల్లల తండ్రి ఒకాయన మెల్లిగా తల ఊపాడు, అంతే.

రాణమ్మ నా చెవి దగ్గరికి వంగింది. మా మాటలో క్షమాపణని ఫాచె అంటాం. తీసుకుని, కానుకగా ఇచ్చెయ్యడమని దాని అర్థం. సభలో రాణమ్మ ఆ మాట అన్నాక ఇంక ఎవరూ ఆ తప్పు ఎత్తకూడదు, భార్యాభర్తల పోట్లాటలో కూడా. ఆవిడ అంది, నేను లేచి గట్టిగా చెప్పాను. గొర్రె పెద్దలకి, జిన్ను సారా సీసా ధారకి. పొకువా జబ్బలకి తెల్ల సుద్ద రాశారు, నేరం పోయిందని గుర్తుగా. రేపు తెల్లవారగానే పేరు పెట్టుకోవచ్చని రాజుగారు చెప్పారు. అచియా తల్లి అక్కడికక్కడే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

అయిపోయిందని జనం లేవబోయారు. అప్పుడు రాణమ్మ గొంతు వినిపించింది. నా నోటి గుండా కాదు, నేరుగా. ఇన్నేళ్ళలో అదే మొదలు.

"నాకు ఆకలేస్తోంది. రోలు తెప్పించండి. వీళ్ళిద్దర్నీ దంచమనండి."

ఆ మాటని నేను ఎలాగూ అలంకరించలేను, కూర్చున్నాను.

లోగిలి వంటింట్లో కర్రపెండలం ఉడుకుతూనే ఉంది. రోలు వచ్చింది, పీట వచ్చింది, రోకలి వచ్చింది. బాఫి రోకలి పట్టుకున్నాడు. పొకువా పీట మీద కూర్చుని, పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, కట్టు విప్పడం మొదలుపెట్టింది. వేళ్ళు ఇంకా వాచి ఉన్నాయి, గోరు ఊడిపోయేలా ఉంది. బాఫి అది చూశాడు. రోకలి ఎత్తాడు. ఎత్తి అలాగే నిలబడిపోయాడు. ఆ రోకలి దిగదని అందరికీ తెలిసిపోయింది.

"ఆ చెయ్యి కాదక్కా," అన్నాడు. "మంచి చెయ్యి పెట్టు."

పొకువా వాచిన చేతిని నీళ్ళలో ముంచింది.

"రాణమ్మ క్షమించింది నా నోటిని. నీ రోకలిని క్షమించాల్సింది ఈ చెయ్యి. వేరే చెయ్యి పెడితే ఎలాగరా?"

అని ముద్ద మీద చెయ్యి పెట్టింది. కొట్టు అంది. అతను కొట్టలేదు. ఆమె చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది. లోగిలి అంతా ఊపిరి బిగబట్టింది, గొర్రె తప్ప. రాజుగారు కూడా పీట అంచుకి జరిగారు. చివరికి బాఫి మొహం ఒకసారి భుజానికి తుడుచుకుని, రోకలి దించాడు. చెయ్యి బయటికొచ్చింది. రోకలి లేచింది, చెయ్యి లోపలికి. మొదట్లో ముసలమ్మ మెట్లు దిగినట్టు దిగింది ఆ రోకలి. ఆమె కళ్ళు రోట్లోనే, అతని కళ్ళు ఆమె వేళ్ళ మీదే. నొప్పికి ఆమె పెదవి కొరుక్కోవడం నాకు కనిపిస్తోంది. పది దెబ్బలో, ఇరవయ్యో, ఎవరు లెక్కపెట్టారు. మెల్లిగా ఆ పాత లెక్క తిరిగొచ్చింది.

అప్పుడు పొకువా తల ఎత్తింది. చెయ్యి తిరుగుతూనే ఉంది. గొర్రెను ఎవరన్నా ఆ కుండీ దగ్గర్నుంచి లాగండని కేకేసింది. మూల నిలబడ్డ లారీ డ్రైవర్‌కి పాత బాకీ గుర్తు చేసింది. రోలు వైపు చూడటం మానేసింది.

"రేపు ఏం పేరు పెడుతున్నావు?" అని అడిగింది, మొహం అటే ఉంచి.

రెండు దెబ్బల మధ్య అతను చెప్పాడు. "నీదే. పుట్టిన రోజే అనుకున్నా."

ఆమె చెయ్యి ఆగలేదు. ముద్దను మడిచి, తిప్పి, రోకలి కిందికి తోసింది.

"ఆ ముక్క ముందే ఏడ్చి ఉంటే ఒక గొర్రె మిగిలేది కదరా," అంది.

రాణమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పూట ఫుఫులో అక్కడక్కడ ఉండలు తగిలాయి. పొకువా చేతి ఫుఫులో ఉండలు తగలడం అదే మొదలు. నేనైతే రెండుసార్లు వడ్డించుకున్నాను.